చలవ కళ్ళజోడు ఎండలో పోదండి, నీడలో పోతుంది

మీరు అడిగింది ఇదండి. ఇల్లు నరసాపురంలో, ఉద్యోగం రాజోలులో. రోజూ పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్ళి రావడం. ఏడాది తిరక్కుండా మూడు చలవ కళ్ళజోళ్ళు పోయాయి. మూడోది సోమవారం పొద్దున్న రేవులో చూసుకుంటే లేదు, ముందురోజు ఇంటిల్లిపాదీ అంతర్వేది వెళ్ళొచ్చారు. ఇంట్లోవాళ్ళు "నీకు వస్తువు మీద శ్రద్ధ లేదు" అంటున్నారు. అందరికీ ఇలాగే పోతాయా, లేక నాకేనా అని మీ ప్రశ్న.

అందరికీ పోతాయండి. అమలాపురంలో కళ్ళజోళ్ళ కొట్టు నడుపుతూనే నాకు జుట్టు నెరిసింది. చలవ కళ్ళజోడు కోసం వచ్చేవాళ్ళలో పాతది విరిగి వచ్చేవాళ్ళకంటే పోయి వచ్చేవాళ్ళే ఎక్కువ. ఎలా పోయిందని ప్రతి ఒక్కరినీ అడుగుతాను. అది తెలిస్తేనే కొత్తది ఎలాంటిది ఇవ్వాలో తెలుస్తుంది. అడగ్గా అడగ్గా తేలింది ఏమిటంటే, పోయే చోట్లు వేరువేరుగా ఉన్నా పోయే క్షణం మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. కళ్ళజోడు ముఖం మీద ఉన్నప్పుడు పోదు. ఎండలోంచి నీడలోకి అడుగుపెట్టి, దాన్ని ముఖం మీంచి తీసిన ఆ అరనిమిషంలో పోతుంది.

చూపు కోసం పెట్టుకునే కళ్ళజోడుతో పోల్చి చూడండి. పవరున్న మనిషి దాన్ని ఎక్కడైనా వదిలేస్తే నాలుగడుగులు వేయకముందే తెలిసిపోతుంది. బోర్డు మసకబారుతుంది, ఎదుటి మనిషి ముఖం ఆనదు. వెంటనే వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటాడు. చలవ కళ్ళజోడుకి ఆ కాపలా లేదు. నీడలో దాని అవసరమే ఉండదు కాబట్టి అది లేదన్న సంగతి కంటికి తెలియదు. మళ్ళీ ఎండ ముఖానికి కొట్టేదాకా, ఒక్కోసారి మర్నాడు పొద్దున్నదాకా, ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు వెతుకుతారు. వెతికేది ఎక్కడ? లేదని గమనించిన చోట. అది పోయిన చోటు మాత్రం నిన్నటిది.

మీ మూడో కళ్ళజోడు పంటు మీద పోయిందని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. సోమవారం పొద్దున్న మీరు అది లేదని తెలుసుకున్నారు, అంతే. ఆదివారం అంతర్వేదిలో మీరు ఎండలోంచి ఎన్నిసార్లు నీడలోకి వచ్చారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఇసకలో ఎండకి పెట్టుకునే ఉంటారు. తర్వాత గుడి దగ్గర చెప్పులు విడిచేటప్పుడు తీసుంటారు. స్వామి ఎదుట నల్లద్దాలు పెట్టుకుని ఎవరూ నిలబడరు. పిల్లలకి తలనీలాలు ఇప్పించి ఉంటే ఆ అరుగు మీద కూర్చుని ఉంటారు. దర్శనమయ్యాక భోజనం, తిరుగు ప్రయాణానికి పొద్దు వాలిపోయి ఉంటుంది. ఇంటికొచ్చేదాకా కళ్ళజోడు అవసరం పడి ఉండదు. ఇందులో ఆఖరుసారి ఎండలోంచి నీడలోకి వచ్చింది ఎక్కడో అక్కడే వెతకాలి. నా అంచనా చెప్పులు విడిచిన చోటు, లేదా అన్నం తిన్న బల్ల.

మన ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ జరగడానికి కారణం ఉందండి. మెట్ట ప్రాంతంలో ఎండంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. పెట్టుకున్న కళ్ళజోడు పెట్టుకున్నట్టే ఉంటుంది. కోనసీమలో అలా కాదు. ఏటిగట్టు మీద భగ్గుమనే ఎండ, గట్టు దిగగానే కొబ్బరితోట, తోట దాటితే వరిచేల మీద తెల్లటి వెలుతురు, ఊళ్ళోకి వస్తే మళ్ళీ చెట్లు. రావులపాలెం నుంచి అమలాపురం వచ్చేలోపు ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు పెడతామో. తీసిన ప్రతిసారీ పోగొట్టుకోవడానికి ఒక అవకాశం. దానికి తోడు సముద్రపు గాలిలో తేమ. ఏప్రిల్, మే నెలల్లో ముక్కు మీద చెమట ఆరదు. కళ్ళజోడు జారుతూనే ఉంటుంది, మనిషి విసిగి తీసి చొక్కాకి తగిలించేస్తాడు.

ఇక ఆ తీసిన కళ్ళజోడు ఎక్కడికి వెళుతుందో చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా నెత్తి మీదకి వెళుతుంది. దీనికి నేను బద్ధ వ్యతిరేకిని. కణతల దగ్గర ముఖం వెడల్పు వేరు, నెత్తి వెడల్పు వేరు. నెత్తి మీద పెట్టిన ప్రతిసారీ రెండు కాడలూ బయటికి విచ్చుకుంటాయి. కొన్నాళ్ళకి మడతబందు దగ్గర పట్టు వదులైపోతుంది. అప్పుడిక ముఖం మీద కూడా సరిగ్గా నిలవదు. పైగా మన తలలకి కొబ్బరినూనె. ఆ జుట్టు మీద ప్లాస్టిక్ ఫ్రేము నిలవడం కష్టం. మనిషి వంగాడంటే ముందుకు జారి పడిపోతుంది. ఆత్రేయపురం పూతరేకులకు వచ్చినవాళ్ళు పక్కనే లొల్ల లాకులు చూడ్డానికి వెళతారు. పిట్టగోడ మీంచి వంగి, లాకుల కింద నురగలు కక్కే నీళ్ళకేసి చూస్తారు. అలా చూస్తుండగా నెత్తి మీది కళ్ళజోడు నీళ్ళలో పడిపోయిందని చెప్పినవాళ్ళు నా కొట్టులో చాలామంది కూర్చున్నారు.

రెండోది చొక్కా గుండీల సందు, లేదా టీషర్టు మెడ. నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. బైకు స్టాండు తీయడానికి వంగినప్పుడు, చంటిపిల్లని ఎత్తుకున్నప్పుడు, చెప్పు పట్టీ పెట్టుకునేటప్పుడు జారుతుంది. గడ్డిలో, ఇసకలో, మట్టిలో పడితే చప్పుడు కాదు. రొయ్యల చెరువుల వాళ్ళకి ఇది పెద్ద బెడద. భీమవరం వైపు నుంచి వచ్చే రైతులు పోలరైజ్డ్ అద్దాలే కావాలని అడుగుతారు. అడగాలి కూడా. నీటి మీద మెరుపుని ఆ అద్దాలు బాగా తగ్గిస్తాయి, నీళ్ళలోకి కొంచెం లోతుగా చూడనిస్తాయి. కానీ చెరువులో మేత పెట్టి దించే చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య ఎలా ఉందో దగ్గరగా చూసేటప్పుడు కళ్ళజోడు తీసి మెడకి తగిలిస్తారు. తిరిగి ట్రేని నీళ్ళలోకి దించడానికి వంగుతారు. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే చెరువులో పడిన వస్తువుని ఎవరు తీస్తారు? చెరువు ఎండగట్టినప్పుడు దొరుకుతుంది, ఎందుకూ పనికిరాకుండా.

ఈమధ్య కొత్తగా మొదలైన కారణం ఫోను. నన్నడిగితే ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. బొండాం తాగుతాం, టిఫిను తింటాం, డబ్బులివ్వడానికి ఫోను తీస్తాం. నల్లద్దాల్లోంచి తెర సరిగ్గా కనపడదు. పోలరైజ్డ్ అద్దాలైతే ఫోనుని ఒక కోణంలో పట్టుకుంటే తెర నల్లగా అయిపోతుంది కూడా. అందుకని కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెడతాం. స్కాన్ చేస్తాం, నంబరు కొడతాం, డబ్బు పడిందన్న మాట వినిపించగానే పని అయిపోయిందని మనసు చెప్పేస్తుంది. ఫోను జేబులోకి వెళుతుంది, మనం బండి దగ్గరికి వెళతాం, కళ్ళజోడు బొండాల పక్కనే ఉండిపోతుంది. కొనేముందు కొట్టులోనే మీ ఫోను తీసి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకుని ఆ అద్దాల్లోంచి చూడండి. తీయక్కర్లేకుండా తెర కనపడితే సగం బాధ తగ్గినట్టే.

పండగలకి పోయేవి వేరే రకం. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ చుట్టాలు దిగుతారు, అందరి ముఖాలమీదా కొత్త కళ్ళజోళ్ళే. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక నీళ్ళు దాటుతుంటే చేతిలో ఫోను లేని మనిషి కనపడడు. వీడియో తీయడానికి కళ్ళజోడు నెత్తి మీదకి ఎక్కుతుంది, జనం తోపులాటలో వెనక్కి పడుతుంది, వెనకవాళ్ళ కాళ్ళ కింద నలుగుతుంది. కోడిపందేల బరుల దగ్గరా ఇదే వరస. పండగ వెళ్ళిన వారం మా కొట్టులో చలవ కళ్ళజోళ్ళ బేరం బాగానే ఉంటుంది.

పెళ్ళిళ్ళలో పోయేవి పక్కవాళ్ళ చేతికిచ్చినవి. "ఒక్క నిమిషం పట్టుకో" అని బావమరిది చేతికి ఇస్తారు. అతన్ని భోజనాల దగ్గర వడ్డనకి పిలుస్తారు, అతను ఇంకెవరికో ఇస్తాడు. పెళ్ళికొడుకు ఫోటోల కోసం పెట్టుకున్న ఖరీదైన కళ్ళజోడు తోడిపెళ్ళికొడుకు చేతికొస్తుంది. వాడికి ఏడేళ్ళు ఉంటాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. ఇచ్చినవాడు దాని బాధ్యత అవతలివాడిదనుకుంటాడు, పుచ్చుకున్నవాడు ఒక్క నిమిషమే కదా అనుకుంటాడు. చేతికిచ్చినప్పుడు కేసులో పెట్టి ఇవ్వండి. కేసు చేతిలో ఉంటే మరొకరి వస్తువు తన దగ్గరుందని మనిషికి గుర్తుంటుంది.

బండ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పెట్రోలు బంకులో తీసి టాంకు మీదో మీటరు మీదో పెట్టడం, అలాగే బయల్దేరడం. హెల్మెట్టు తీసేటప్పుడు దాంతోపాటే కళ్ళజోడు ఊడి రోడ్డు మీద పడడం. కారు పైకప్పు మీద పెట్టి సామాన్లు సర్దుకోవడం. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పోదుగానీ పాడైపోతుంది. మే నెల ఎండలో మూసిన కారులో వేడికి ప్లాస్టిక్ ఫ్రేము వంకర తిరుగుతుంది, అద్దం మీది పూత చిట్లుతుంది. వంకర తిరిగిన కళ్ళజోడు తర్వాత ఎక్కడో జారి పడిపోతుంది.

ఇప్పుడు మీ పంటు సంగతి. రేవులో బండి ఎక్కించాక రెయిలింగు పట్టుకుని నిలబడతాం, గోదావరి పాయ వశిష్ఠ మీద గాలి ముఖానికి కొడుతుంది. నీళ్ళ మీది మెరుపు కళ్ళు తెరవనివ్వదు కాబట్టి అక్కడ కళ్ళజోడు ముఖం మీదే ఉంటుంది. అందుకే పంటు మీద పోయేవి తక్కువ. అక్కడ పోయేది ఒక్కటే సందర్భంలో: వంగి చూసినప్పుడు. దిండి హౌస్‌బోటుల మీద, పాపికొండలు వెళ్ళే లాంచీల పైఅంతస్తులో కూడా అంతే. పడితే మాత్రం వదులుకోవాల్సిందే. ఈ అద్దాలు చాలావరకు పాలికార్బొనేట్‌వి, లేదా సీఆర్-39 అనే ప్లాస్టిక్‌వి. అంతే పరిమాణం నీళ్ళకంటే మొదటిది సుమారు 1.2 రెట్లు, రెండోది 1.3 రెట్లు బరువు. తేలికగా ఉంది కదా తేలుతుందనుకుంటారు, తేలదు. అడుగున ఒండ్రు, దానిమీద రోజుకి రెండుసార్లు పోటూ ఆటూ. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తే చెయ్యి ముంచితే చెయ్యి కనపడదు. దయచేసి కళ్ళజోడు కోసం ఎవరూ నీళ్ళలోకి దిగొద్దు. ఎంత ఖరీదైనదైనా సరే. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు బురదలోంచి పిల్లలు ఏరిన కళ్ళజోళ్ళు మా కొట్టుకి వస్తుంటాయి. అద్దం గీతలు పడి, పూత పెచ్చులూడి ఉంటుంది. బాగుచేసిమ్మంటారు, చేయలేను.

నీళ్ళ మీద రోజూ తిరిగేవాళ్ళకి నేనిచ్చేది నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు గుడ్డ పట్టీ. రెండు కాడల చివర్లకి తొడిగి మెడ వెనక వేసుకునేది. ఆ గుడ్డలో గాలి బుడగలుంటాయి కాబట్టి మరీ బరువు ఫ్రేము కాకపోతే కళ్ళజోడుని పైకి తేలుస్తుంది. కొన్నాక ఇంట్లో బకెట్టు నీళ్ళలో వేసి చూసుకోండి. తేలకపోయినా ఫరవాలేదు, మెడకుంటుంది కాబట్టి అసలు పడదు. మామూలు నూలుతాడు కట్టినా చాలు. కుర్రాళ్ళు తాడంటే నామోషీ అంటారు, ముసలాళ్ళలా ఉంటుందంటారు. చేపల వేటకి వెళ్ళేవాళ్ళూ, రొయ్యల రైతులూ ఏ నామోషీ లేకుండా వేసుకుంటున్నారు, వాళ్ళ కళ్ళజోళ్ళు వాళ్ళ దగ్గరే ఉంటున్నాయి.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుందండి. రెండు మూడు పోయాక మనుషులు "ఇక మనకి అచ్చిరాదు" అని పెట్టుకోవడమే మానేస్తారు. చేలల్లో, చెరువు గట్ల మీద, బైకుల మీద ఏళ్ళ తరబడి ఎండలో తిరిగే వాళ్ళకి కంటి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదకి కండ పెరగడం మనవైపు చూస్తూనే ఉన్నాం. దానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒక ముఖ్య కారణం. శుక్లాలు రావడంలోనూ వాటి పాత్ర ఉంది. కాబట్టి పోతే పోయిందిలే అని ఊరుకునే వస్తువు కాదిది. మీరు నాలుగోది కొనండి. యూవీ400 అని ఉన్నదే కొనండి, అంటే 400 నానోమీటర్ల దాకా ఆ కిరణాలను ఆపుతుందని అర్థం. అద్దం ఎంత నల్లగా ఉందన్నదానితో దీనికి సంబంధం లేదు.

కొనేటప్పుడు ఫ్రేము లోపలివైపు, కాడ మీద మూడు అంకెలు చూడండి. 52-18-140 లాగా ఉంటాయి. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఇప్పటిదాకా ఏ అంకె మీకు సరిపోయిందో రాసి పెట్టుకుంటే చాలు. పెట్టుకుని తల కిందికి వంచి, అటూ ఇటూ గట్టిగా ఊపండి. జారితే అది మీది కాదు, ఎంత అందంగా ఉన్నా సరే. నచ్చిందే కావాలంటే చెవి వెనక వంపుని వేడిచేసి సరిచేయమని అడగండి, ఏ కొట్టులోనైనా ఐదు నిమిషాల పని. ఆర్నెల్లకోసారి స్క్రూలు బిగించుకోండి. మన చెమటకి, ఉప్పుగాలికి అవి తుప్పు పట్టి వదులవుతాయి.

పవరున్నవాళ్ళు పవరు వేయించిన చలవ కళ్ళజోడే తీసుకుంటే పోయిన వెంటనే తెలుస్తుంది, ముందు చెప్పిన కాపలా దొరుకుతుంది. ఎండకి నల్లబడే అద్దాలు ఇంకో దారి. ఒకే కళ్ళజోడు రోజంతా ముఖం మీదే ఉంటుంది, తీసే పనే లేదు. వాటికి రెండు లోపాలున్నాయని ముందే చెబుతాను. కారు ముందద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి కారు లోపల అవి సరిగ్గా నల్లబడవు. వేడి ఎక్కువైతే కూడా వాటి నలుపు కొంత తగ్గుతుంది, మన మే నెలలో అది తెలుస్తుంది. బైకు మీద తిరిగేవాళ్ళకి బాగుంటాయి.

అలవాటు విషయంలో నేను అందరికీ చెప్పేది ఒక్కటే. కళ్ళజోడుకి రెండే చోట్లు: ముఖం, లేదా కేసు. మూడో చోటు లేదు. నెత్తి కాదు, జేబు కాదు, బల్ల కాదు. గట్టి డబ్బా పెద్దదిగా ఉందని ఇంట్లో వదిలేస్తారు, అది నాకు తెలుసు. అందుకే మెత్తటి గుడ్డ సంచి తీసుకుని బైకు తాళాలకే కట్టేయండి, లేదా రోజూ మోసే బ్యాగుకి బయటవైపు ఎప్పుడూ ఒకే అరలో పెట్టండి. తాళం తీస్తే సంచి చేతికి రావాలి. అది ఖాళీగా ఉంటే అప్పుడే తెలుస్తుంది, మర్నాడు కాదు.

కొన్నరోజే ఫోనులో రెండు ఫోటోలు తీసుకోండి: ఫ్రేము మొత్తం ఒకటి, కాడ మీది అంకెలు కనపడేలా ఒకటి. పోయినప్పుడు "నల్లది, కాస్త పెద్దది" అంటే ఎవరూ తెచ్చివ్వలేరు. అలాంటివి వాళ్ళ దగ్గర నాలుగుంటాయి. హోటళ్ళవాళ్ళు, మంగలి షాపువాళ్ళు, చెప్పుల స్టాండువాళ్ళు దొరికినవి పక్కన పెట్టి ఉంచడం నేను చాలాచోట్ల చూశాను. అడిగినవాళ్ళు లేకే అవి అక్కడుంటాయి. బస్సులో వదిలేస్తే ఆ సర్వీసు ఏ డిపోదో కనుక్కుని డిపోలో అడగండి, టికెట్టు ఉంటే పని తేలిక. రైల్లోనైతే 139కి ఫోను చేసి రైలు నంబరు, బోగీ, సీటు చెప్పండి. ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల్ని తిరిగి అప్పగించడానికి రైల్వే రక్షక దళం 'ఆపరేషన్ అమానత్' పేరుతో పని చేస్తోంది, దొరికినవాటి వివరాలు ఫోటోలతో సహా పెడుతుంటారు. రైల్లో మరిచిపోయేది ఎక్కువగా కిటికీ పక్క బల్ల మీద, లేదా పైబెర్తు దగ్గర వల సంచిలో. చీకటి పడ్డాక రైలెక్కేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

మీ మొదటి రెండూ ఎలా పోయాయో రాయలేదు. వీలుంటే రాయండి: ఆ రోజు ఆఖరుసారి ఎక్కడ నీడలోకి వచ్చారు, అప్పుడు చేతిలో ఏముంది, ఫోనా, పిల్లా, బండి తాళమా. ముఖం కొలత తెలియకపోతే, ఇప్పుడు ఇంట్లో ఏదైనా పాత కళ్ళజోడు మీకు సరిగ్గా సరిపోయేది ఉంటే దాని కాడ మీది మూడు అంకెలూ చూసి చెప్పండి. వాటినిబట్టి ఏ కొలత ఫ్రేము అడగాలో, పట్టీ ఏ సైజుది పడుతుందో చెబుతాను.